ఎవరి మాట పిచ్చి? చంచల్‌గూడ నుంచి ఎర్రగడ్డ దాకా

హైదరాబాదులో ఒక మనిషి నోరు మూయించడానికి ఒక సులువైన మాట వుంది. "వీణ్ని ఎర్రగడ్డలో వెయ్యాలి." ఆఫీసుల్లో అంటారు, సిటీ బస్సుల్లో అంటారు, సినిమాల్లో కామెడీ కింద అంటారు, పెద్ద పెద్ద నాయకులు మైకు ముందు ఒకరినొకరు అనుకుంటారు. వైజాగ్ వైపు పోతే ఎర్రగడ్డ స్థానంలో చినవాల్తేరు వస్తుంది. వూరి చివర వున్న ఒక పేట పేరు తిట్టుగా మారిపోవడం మనకేం కొత్త కాదు. వాడల పేర్లు ఎట్లా తిట్లయ్యాయో మనకు తెలుసు. అందుకే ఈ మాటను జోకుగా తీసుకోవడానికి మేం సిద్ధంగా లేం.

ఈ మాటలో వున్న బెదిరింపు జైలు బెదిరింపు కంటే పెద్దది. జైల్లో వేసిన వాడి మాటకు కోర్టులో ఎంతోకొంత స్థానం వుంటుంది. వాదించొచ్చు, అబద్ధమని తేల్చొచ్చు. పిచ్చాసుపత్రిలో వేసిన వాడి మాటను అబద్ధమని తేల్చాల్సిన శ్రమ కూడా ఎవరికీ వుండదు. అది జబ్బు లక్షణమని కేసుషీటులో రాసుకుంటే సరిపోతుంది. ఎవరి మాట మీద ఎవరికి ఈ ముద్ర పడుతుంది, ఎవరు ఈ ముద్ర కోసం కాళ్లరిగేలా తిరిగినా దొరకదు అన్నదే మా చర్చ. మానసిక వైద్యం మంచిదా చెడ్డదా అన్న పాత పంచాయితీలోకి మేం పోదలచుకోలేదు. జబ్బు వుంది, మందు వుంది, మందుతో నిలదొక్కుకున్న మనుషులు మా ఇళ్లల్లోనే వున్నారు.

నిజాం రాజ్యంలో పిచ్చాసుపత్రి జాల్నాలో వుండేది. ఇప్పుడది మహారాష్ట్ర. 1953లో ఆసుపత్రి ఎర్రగడ్డకు వచ్చింది. అప్పటికి ఎర్రగడ్డ అంటే వూరి బయటే. పక్కనే ఛాతీ ఆసుపత్రి, జనం నోట్లో టీబీ దవాఖాన. అంటురోగాలకు నల్లకుంటలో కోరంటి. నగరం తాను ముట్టుకోవడానికి భయపడ్డ రోగాలన్నిటికీ ఇట్లా తలో మూల చూపించింది. ఇప్పుడు నగరం పెరిగి ఎర్రగడ్డను దాటి ఎక్కడికో పోయింది, ఆసుపత్రి పేరు కూడా మారి మానసిక ఆరోగ్య సంస్థ అయింది, 600 పడకలున్నాయి, ఉస్మానియా మెడికల్ కాలేజీ విద్యార్థులు అక్కడే నేర్చుకుంటారు. మాట మాత్రం మారలేదు.

ఇక పాత బస్తీ వైపు చంచల్‌గూడ. 1876లో కట్టిన సెంట్రల్ జైలు. డబీర్‌పురా, మలక్‌పేట, సైదాబాదుల మధ్య ఆ గోడ ఎంత పాతదంటే చుట్టుపక్కల బస్తీల వాళ్లకు అదొక కొండలాంటిది, ఎప్పట్నుంచో వున్నట్టు వుంటుంది. ఆడవాళ్ల జైలూ అక్కడే. పాత బస్తీ ముస్లిం పిల్లలు, మూసీ ఒడ్డు బస్తీల దళితులు, జిల్లాల నుంచి కూలికొచ్చి ఏదో ఒక కేసులో ఇరుక్కున్నవాళ్లు ఈ గేటు గుండానే లోపలికి పోతారు.

ఇంగ్లండులో "హై సెక్యూరిటీ" మానసిక ఆసుపత్రులని మూడున్నాయి. బ్రాడ్‌మూర్, రాంప్టన్, యాష్‌వర్త్. నేరం చేసి, ప్రమాదకరం అని తేలిన రోగులను పెద్ద గోడల మధ్య పెట్టి వైద్యం చేస్తారు. 1863లో తెరిచిన బ్రాడ్‌మూర్ అన్నిటికంటే పాతది. మన దగ్గర అట్లాంటి కట్టడం లేదు. ఒకే గోడ లోపల జరగాల్సిన పనిని రెండు చోట్లకు పంచారు. తాళం చంచల్‌గూడలో, మందు ఎర్రగడ్డలో. రెండిటి మధ్య పోలీసు వ్యాను. ఎర్రగడ్డలో ఖైదీల కోసం పోలీసు కాపలాతో విడిగా వార్డు వుంది నిజమే, కానీ అక్కడికి చేరడమే అసలు సంగతి. మా దృష్టిలో తెలుగు నేల మీద హై సెక్యూరిటీ పిచ్చాసుపత్రి అంటే ఆ దారే. ఈ రోజు మలక్‌పేటలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. ఖైదీకి మాత్రం ఆ దారి పొడవునా కాగితాలున్నాయి.

ముందు జైలు డాక్టరు అనుమానపడాలి. అనుమానపడాలంటే చూడాలి. చూడాలంటే ఎవరో చెప్పాలి. బ్యారక్‌లో ఒకడు అన్నం తినడం మానేసి మూలన కూర్చుంటే ఎవరూ చెప్పరు, వాడి వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. రాత్రంతా అరిచేవాడి సంగతి చెబుతారు. అంటే జబ్బు బాధ కొలమానం కాదు, గోల కొలమానం. ఆ తర్వాత రిపోర్టు, పై ఆఫీసు, అనుమతి, అన్నీ అయ్యాక ఎస్కార్టు. జైలు మొహం చూసిన ఏ కుటుంబానికైనా ఎస్కార్టు అనే మాట తెలుసు. రిజర్వు పోలీసులు బందోబస్తుకు పోయారు, పండగుంది, ఎన్నికలున్నాయి, మంత్రిగారి టూరుంది. ఖైదీ దవాఖాన తారీకు వాయిదా పడుతుంది.

నగరంలోని ఒక జైలు ములాఖత్ గది బయట, ఏ జైలన్నది ఇక్కడ అక్కర్లేదు, మాలో ఒకరికి ఒక తల్లి కలిసింది. రోడ్లు వూడ్చే పని. కొడుకు సెల్‌ఫోన్ దొంగతనం కేసులో లోపలున్నాడు. "వాడు గోడతోని మాట్లాడుతుండు బిడ్డా. నన్ను జూసి నువ్వెవ్వరు అంటుండు. దిమాక్ ఖరాబైందని నాకెర్కనే. పైసలడుగుతలేను, బెయిలడుగుతలేను. దవాఖానకు తీస్కపోర్రి సారూ అంటున్న. ఎస్కార్ట్ లేదంటరు. నెల సంది గిదే మాట." ఆమె మాట ఏ కాగితం మీదా లేదు. కొడుకు చిన్నప్పుడెట్లా వుండేవాడు, ఎప్పట్నుంచి మారాడు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా వచ్చిందా అన్న ప్రశ్నలు ఏ మానసిక వైద్యుడైనా మొదట అడిగేవి. వాటికి జవాబులన్నీ ఆమె దగ్గరున్నాయి. ఆమె గేటు బయటుంది.

జైలుకొచ్చిన మూడో రోజు మొదలయ్యే పిచ్చి ఒకటుంది, దాని గురించి కూడా చెప్పాలి. తెలంగాణలో కల్తీ కల్లు అంటే క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ కలిపిన నీళ్లు. 2020 మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసేస్తే కొద్ది రోజుల్లోనే ఎర్రగడ్డ ఓపీ ముందు చేతులు వణుకుతూ, ఫిట్లు వస్తూ, లేనివి కనబడుతూ జనం బారులు తీరారు. అప్పుడు పత్రికలన్నీ రాశాయి. అదే మనిషిని పోలీసులు పట్టుకెళ్లి లోపలేస్తే జరిగేది కూడా అదే, కాకపోతే జైలు గోడ లోపల జరుగుతుంది. అక్కడ దానికి "నాటకాలు" అని పేరు. కూలి చేసి, ఒంటి నొప్పులకు కల్లు తాగి, ప్రభుత్వం లైసెన్సిచ్చిన దుకాణంలోనే తాగి, ఆ మత్తు దిగేటప్పుడు నాటకాలాడుతున్నావని తన్నులు తినేది ఏ కులాలవాళ్లో వేరే చెప్పాలా?

ఇప్పుడు చట్టం దగ్గరకొద్దాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని మేం తేలిగ్గా కొట్టెయ్యం. 1858 నాటి అసైలం చట్టం, 1912 నాటి ల్యూనసీ చట్టం, 1993లో అమల్లోకొచ్చిన 1987 చట్టం, వీటన్నిటి తర్వాత రోగిని హక్కులున్న మనిషిగా రాసిన మొదటి చట్టం ఇది. గొలుసులతో కట్టెయ్యడాన్ని నిషేధించింది. తమిళనాడు ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసుల్లో వున్న 28 మంది మంటల్లో కాలిపోయిన తర్వాత కూడా పదహారేళ్లు పట్టింది, అయినా నిషేధించింది. కరెంటు షాకు ఇవ్వాలంటే మత్తు ఇచ్చే ఇవ్వాలంది. రోడ్డు మీద తిరిగే రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే లాకప్‌లో పెట్టకూడదని, 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలని నూరో సెక్షన్ చెబుతుంది. ఇవన్నీ మంచివే.

కానీ చట్టాన్ని సాహిత్యం చదివినట్టు చదవాలి. ఏ మాట ఎక్కడుంది, ఎక్కడ లేదు అని చూడాలి. 103వ సెక్షన్ ఖైదీల గురించి. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు ఆసుపత్రిలో మానసిక వైద్య కేంద్రం పెట్టమంటుంది. రాష్ట్రం మొత్తానికి కనీసం ఒకటి. కనీసం అన్న మాటను మన ప్రభుత్వాలు గరిష్ఠంగా చదువుతాయని ఆ రాసినవాళ్లకు తెలియదని అనుకోలేం. అదే సెక్షన్లో ఇంకో ఏర్పాటు వుంది. జైలు డాక్టరు మూణ్నెల్లకోసారి బోర్డుకు రిపోర్టు పంపాలి. ఏమని? మా జైల్లో మానసిక రోగులెవరూ లేరని ధ్రువీకరిస్తూ. మొదటిసారి చదివినప్పుడు మేం పొరపాటు చదివామనుకున్నాం. ఎంతమంది వున్నారో, వాళ్లకేం చేశారో చెప్పమనడం లేదు. లేరు అని చెప్పమంటోంది. దీని వెనక వున్న వుద్దేశం మనకు అర్థమవుతుంది. రోగిని జైల్లో వుంచకూడదు, ఆసుపత్రికి పంపాలి, పంపినట్టు సాక్ష్యం కావాలి. 1993లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు నేరం లేని మానసిక రోగులను జైళ్లలో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పిన దగ్గర్నుంచి వచ్చిన ఆలోచన ఇది. అయితే మన ఆఫీసుల్లో "లేరు" అని రాయమన్న ఫారంలో "వున్నారు" అని రాసే గుమస్తా పుట్టలేదు. ఎస్కార్టు లేక ఆగిపోయిన ఆ కొడుకు ఈ ఫారంలో ఏమవుతాడు? లేనివాడవుతాడు.

ఇంకా లోతైన సంగతి మూడో సెక్షన్లో వుంది. పిచ్చి వుందని ఎట్లా నిర్ణయించాలో చెప్పేది ఈ సెక్షన్. ఒక మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాను బట్టి గానీ, సాంస్కృతిక, జాతి, మత సమూహాన్ని బట్టి గానీ జబ్బు నిర్ణయించకూడదంది. సమాజపు నీతికి, పని విలువలకు, రాజకీయ విలువలకు ఒదగకపోవడాన్ని కూడా జబ్బు అనకూడదంది. బావుంది. కులం ఏది? ఆ మాట లేదు. ఇదే చట్టం పద్దెనిమిదో సెక్షన్లో కులం అన్న మాట వుంది. వైద్యం అందుకునే హక్కులో లింగం, మతం, సంస్కృతి, కులం, వర్గం కారణంగా వివక్ష వుండకూడదని రాశారు. ఇరవయ్యొకటో సెక్షన్లోనూ వుంది. అంటే కులం పేరు ఆసుపత్రి గేటు దగ్గర, మంచం దగ్గర గుర్తొచ్చింది. ఈ మనిషి పిచ్చివాడా కాదా అని తేల్చే బల్ల దగ్గర గుర్తు రాలేదు. సామాజిక హోదాలో కులం కూడా వచ్చేస్తుంది కదా అని లాయరు మిత్రులు మాకు నచ్చజెప్పారు. వచ్చేస్తే పద్దెనిమిదో సెక్షన్లో విడిగా ఎందుకు రాశారు? వైద్యం అందకపోవడంలో కులం వుందని మన పెద్దలు ఒప్పుకుంటారు, దానికి వాళ్ల దయ చాలు. తమ తీర్పులోనే, తమ చూపులోనే కులం వుందని ఒప్పుకోవడం వాళ్లకు కష్టం.

ఈ లోపం కాగితం మీది లోపమే అయితే మేమింత రాసేవాళ్లం కాదు. డాక్టర్ సుధాకర్ సంగతి తెలియని దళితుడు తెలుగు రాష్ట్రాల్లో లేడు. అయినా తారీకులతో చెప్పుకోవడం అవసరం. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు, దళితుడు. 2020 ఏప్రిల్ మొదట్లో, కరోనా మొదలైన రోజుల్లో, డాక్టర్లకు మాస్కులు కూడా ఇవ్వడం లేదని విలేకరుల ముందు చెప్పాడు. ఏప్రిల్ 8న సస్పెండు చేశారు. మే 16న విశాఖపట్నం అక్కయ్యపాలెం దగ్గర జాతీయ రహదారి మీద పోలీసులు ఆయన్ను పట్టుకున్నారు. ఒంటి మీద చొక్కా లేదు. చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు, రోడ్డు మీద పడేశారు, ఆటోలో వేసుకుపోయారు. జనం ఫోన్లలో తీసిన వీడియో ఆ రాత్రికే దేశమంతా చూసింది. తాగి గొడవ చేశాడని పోలీసుల మాట. కింగ్ జార్జి ఆసుపత్రికి, అక్కణ్నుంచి చినవాల్తేరు మానసిక వైద్యశాలకు. అక్కడ తీవ్రమైన తాత్కాలిక సైకోసిస్ అని రాశారు. కొట్టిన ఒక కానిస్టేబుల్‌ను సస్పెండు చేశారు.

ఇందులో వరస చూడండి. మొదట ఒక ప్రభుత్వ డాక్టరు మాస్కుల్లేవన్నాడు. అది నిజమో అబద్ధమో స్టోరు రిజిస్టరు తీసి తేల్చొచ్చు. తర్వాత క్రమశిక్షణ లేనివాడన్నారు, తర్వాత తాగుబోతన్నారు, చివరకు రోగి అన్నారు. ఒక్కో మెట్టు దిగినకొద్దీ మాస్కుల సంగతి వెనక్కిపోయింది. లోపలున్నప్పుడు తనకిస్తున్న మందుల వల్ల ఒంట్లో మార్పులొస్తున్నాయని, డాక్టర్ని మార్చమని సూపరింటెండెంటుకు లేఖ రాశాడు. రోజూ మనుషులకు మత్తిచ్చి బతికించే డాక్టరు మందుల గురించి రాసిన లేఖ అది. అది సాటి వైద్యుడి అభిప్రాయమా, రోగి ఫిర్యాదా అన్నది అప్పటికి ఆయన చేతుల్లో లేదు. హైకోర్టు జోక్యంతో జిల్లా న్యాయాధికారి వెళ్లి వాంగ్మూలం తీసుకుంటే ఒంటి మీద ఆరు గాయాలు కనబడ్డాయి. ప్రభుత్వం తరఫు నివేదికలో అంతకంటే తక్కువే వున్నాయి. మే 22న హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. జూన్‌లో తల్లి హెబియస్ కార్పస్ వేశాక బయటికొచ్చాడు. 2021 మే 21 రాత్రి గుండెపోటుతో చనిపోయాడు. దర్యాప్తు ఆదేశానికి సంవత్సరం నిండటానికి ఒక్క రోజు తక్కువ.

ఇక్కడ మా వైపు లెక్క కూడా చూసుకోవాలి. ఆ రోజుల్లో సభల్లో, కరపత్రాల్లో, టీవీ చర్చల్లో మనమంతా ఒకే మాట పట్టుకున్నాం. సుధాకర్ పిచ్చోడు కాదు. మేమూ అన్నాం. కోపంలో అన్నాం, ప్రేమతో అన్నాం, అప్పుడు ఇంకో మాట తోచలేదు. ఇప్పుడు నిదానంగా ఆలోచిస్తే ఆ మాటలో ఒక ప్రమాదముంది. ఒకవేళ ఆయనకు నిజంగానే జబ్బు వుందనుకుందాం. నెలకు పైగా సస్పెన్షన్, అవమానం, ఒంటరితనం, ఎవరికైనా తల తిరిగిపోయే పరిస్థితే కదా. అప్పుడు ఆ తాళ్లు న్యాయమైపోతాయా? ఆ రోడ్డు, ఆ ఆటో, ఆ తన్నులు సరైనవైపోతాయా? చట్టం ప్రకారం చూసినా జబ్బు వున్నవాడైతే పోలీసుల బాధ్యత ఇంకా పెరుగుతుంది. పిచ్చోడు కాదు కాబట్టి కట్టకూడదు అని వాదించినప్పుడు, పిచ్చోడైతే కట్టొచ్చు అన్న అవతలివాడి మాటను మనం ఒప్పుకున్నట్టే అయింది. చదువుకున్న దళితుణ్ని కాపాడుకోవడానికి చదువులేని పిచ్చివాణ్ని వదిలేశాం. ములాఖత్ గది బయట కలిసిన ఆ తల్లికి మన కరపత్రంలో చోటు లేదు. ఆమె కొడుకు నిజంగానే పిచ్చివాడు. వాడి తరఫున సభ పెట్టేదెవరు?

దళిత వుద్యమం పిచ్చి గురించి మాట్లాడటానికి జంకుతుందని మా పరిశీలన. కారణం అర్థం చేసుకోదగ్గదే. తరతరాలుగా మన బుర్రలకు తెలివి లేదన్నారు. మెరిట్ లేదన్నారు. అందుకని బుర్రకు జబ్బు చేసిందన్న మాట ఎక్కడ వినబడినా మనం వెంటనే కాదంటాం. ఈ కాదనడంలో మన ఇళ్లల్లోని జబ్బు కూడా దాగిపోతోంది.

నేరం, జబ్బు కలిసినచోట ఈ దాపరికం ప్రాణాల మీదికొస్తుంది. ఇంగ్లండులో 1843 మెక్‌నాటన్ కేసు తర్వాత పుట్టిన సూత్రం మన శిక్షాస్మృతిలో 1860 నుంచి 84వ సెక్షనుగా వుంది. 2024 జులై 1 నుంచి న్యాయ సంహితలో 22వ సెక్షన్. తాను చేసేదేమిటో తెలియని స్థితిలో చేసిన పని నేరం కాదు. నిరూపించే భారం ముద్దాయిది. ఎట్లా నిరూపిస్తాడు? పాత ఓపీ చీటీ కావాలి, మందుల బిల్లు కావాలి, చూసిన డాక్టరు సాక్ష్యం కావాలి. పాత బస్తీలో గానీ పల్లెలో గానీ మన మనిషికి తల తిరిగితే మొదట తీసుకుపోయేది దర్గాకో, ప్రార్థన కూటానికో, మంత్రం వేసేవాడి దగ్గరికో. వాళ్లు తాయెత్తు కడతారు, నూనె రాస్తారు, చీటీ ఇవ్వరు. పదేళ్లు జబ్బుతో వున్నవాడు కోర్టు లెక్కలో పదేళ్లూ ఆరోగ్యంగా వున్నవాడే. సుధాకర్ మీద అడక్కుండా పడిన ముద్ర, ఇతనికి వురికంబం ముందు నిలబడ్డా దొరకదు. వురిశిక్ష పడ్డాక వచ్చిన తీవ్రమైన మానసిక జబ్బును శిక్ష తగ్గించే కారణంగా చూడాలని సుప్రీంకోర్టు చెప్పడానికి 2019 దాకా పట్టింది.

చీటీ దొరికి, కోర్టు ఒప్పుకుని, నిర్దోషి అని తీర్పొచ్చినా కథ అయిపోదు. నిర్దోషిని "సురక్షిత నిర్బంధం"లో వుంచమని చట్టమే అంటుంది. పాత 335, కొత్త 374. విచారణ నడవలేని స్థితిలో వున్నవాడికి బెయిలివ్వాలన్నా బంధువో స్నేహితుడో వచ్చి వైద్యం చేయిస్తానని పూచీ పడాలి. పాత 330, కొత్త 369. ఆధార్ కార్డు, ఇంటి పన్ను రసీదు, కోర్టుకు రావడానికి ఒక రోజు కూలి మానుకునే తాహతు వున్న బంధువన్నమాట. బంధువు రాకపోతే? 1982లో వీణా సేథీ కేసులో హజారీబాగ్ జైలు సంగతి సుప్రీంకోర్టు ముందుకొచ్చినప్పుడు ఇరవై ముప్పయ్యేళ్లుగా మరిచిపోయిన మనుషులు బయటపడ్డారు. అస్సాంలో తివా ఆదివాసీ మచాంగ్ లాలుంగ్‌ను 1951లో కొట్లాట కేసులో పట్టుకుని తేజ్‌పూర్ పిచ్చాసుపత్రికి పంపారు. 1967లో ఆసుపత్రి వాళ్లే బాగైపోయాడని రాశారు. ఇంటికి పంపలేదు, గౌహతి జైలుకు పంపారు. 2005 జులైలో ఒక్క రూపాయి బాండు మీద వదిలారు. 54 ఏళ్లు. అప్పటికి ఆయన సొంత భాష కూడా మరిచిపోతున్నాడని పత్రికలు రాశాయి. రెండేళ్లు బతికి 2007లో చనిపోయాడు. నేరం రుజువై శిక్ష పడినా ఏనాడో బయటికొచ్చేవాడు.

మన యూనివర్సిటీ సెమినార్లలో పిచ్చి మీద మాట్లాడాలంటే ఫూకో పేరు చెప్పకుండా కుదరదు. మేమూ చదివాం, నేర్చుకున్నాం. 1656లో పారిస్‌లో బిచ్చగాళ్లను, పనిలేనివాళ్లను, పిచ్చివాళ్లను ఒకే కప్పు కిందికి తెచ్చి మూసేసిన రోజు నుంచి ఆయన కథ మొదలవుతుంది. మన కథ అక్కడ మొదలవదు. ఇక్కడ ఆసుపత్రిని వూరి బయట కట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే వూరి బయట మనుషులున్నారు. గోడ అక్కర్లేకుండానే వేరు చెయ్యడం వచ్చిన సమాజం ఇది. పైనుంచి గోడ వచ్చి చేరింది. అందుకే గోడల్ని మాత్రమే విమర్శించే సిద్ధాంతం మనకు సగమే పనికొస్తుంది.

గోడ లోపల చర్మం రంగు ఏం చేస్తుందో బ్రాడ్‌మూర్ చరిత్రే చెబుతుంది. ఓర్విల్ బ్లాక్‌వుడ్ నల్లజాతి యువకుడు. బొమ్మ తుపాకితో దొంగతనానికి పోతే పడిన శిక్ష మూడేళ్లు. జైలు నుంచి ఆసుపత్రులకు, చివరకు బ్రాడ్‌మూర్‌కు చేరాడు. 1991 ఆగస్టులో ఒంటరి గదిలో ఇంజెక్షన్లిచ్చిన తర్వాత చనిపోయాడు. జైల్లోనే వుండివుంటే అప్పటికి శిక్ష పూర్తయి ఇంట్లో వుండేవాడు. 1984లో, 1988లో మరో ఇద్దరు నల్లజాతి రోగులు అదే ఆసుపత్రిలో చనిపోయి వున్నారు. 1993లో వచ్చిన విచారణ నివేదికకు "బిగ్, బ్లాక్ అండ్ డేంజరస్?" అని పేరు పెట్టారు. నల్లవాడు, పెద్ద ఒళ్లు, కాబట్టి ప్రమాదం, కాబట్టి ఎక్కువ మందు. ఈ మూడు మెట్ల తర్కాన్ని అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి విచారణే పేరుతో సహా బయటపెట్టగలిగింది. ఎందుకంటే అక్కడ రోగి జాతి లెక్కలో వుంది.

మన దగ్గర ఆ లెక్క లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా జైళ్ల పుస్తకం వేస్తుంది. అందులో ఖైదీల కులాల పట్టిక ఒకటుంది. 2011 జనాభాలో ఎస్సీలు 16.6 శాతం, జైళ్లలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు. అదే పుస్తకంలో ఇంకో పేజీలో మానసిక జబ్బున్న ఖైదీల పట్టిక వుంది. రెండు పట్టికలూ ఒక్కసారి కూడా కలవవు. ఆసుపత్రుల విషయానికొస్తే ఏటా అచ్చయ్యే అట్లాంటి పట్టిక కూడా లేదు. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడాన్ని కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ మాన్యువల్ కూడా ఆ పరిశీలనలోకి వచ్చినవాటిలో వుంది. తీర్పు గొప్పది. దాంతోపాటు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. పాకీపని ఎవరికివ్వాలో చూసుకోవడానికి వాడే గడి పోవాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఎవరికి జబ్బు చేసింది, ఎవరిని దవాఖానకు పంపారు, ఎవరికి ఎస్కార్టు దొరకలేదు అని లెక్క తీసే గడి ఎక్కడో ఒకచోట వుండాలి. కులం రాయకపోతే కులం పోతుందన్న అగ్రకుల అమాయకత్వం మనకు అక్కర్లేదు.

ఎర్రగడ్డలో పనిచేసే డాక్టర్లను, వార్డుబాయిలను, ఆయాలను దోషులుగా నిలబెట్టడం మా వుద్దేశం కాదు. ఆ ఆయాల్లో, పారిశుధ్య కార్మికుల్లో మనవాళ్లెంతమందో అందరికీ తెలుసు. రోగి మలమూత్రాలు ఎత్తేది, రోగి కొడితే దెబ్బ తినేది వాళ్లే. అయినా లోపలి మాట బయటికి రావడం ఎంత కష్టమో 2025 జూన్ మొదటి వారంలో మళ్లీ చూశాం. తిండి వికటించిందన్న అనుమానంతో పదుల మంది రోగులు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. వేరే ఆసుపత్రిలో రోగి అన్నం బాగాలేదంటే కనీసం గిన్నె వాసన చూస్తారు. ఇక్కడ వాసన చూడాలని ఎవరికైనా ఎందుకు అనిపించాలి?

సమాచార హక్కు కింద మేం ఒక దరఖాస్తు రాసి పెట్టుకున్నాం. చట్టం అమల్లోకొచ్చిన 2018 నుంచి ఇప్పటిదాకా చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల డాక్టర్లు మూణ్నెల్లకోసారి బోర్డుకు పంపిన ధ్రువీకరణల నకళ్లు అడుగుతున్నాం. అదే కాలంలో ఎస్కార్టు లేక రద్దయిన ఆసుపత్రి ప్రయాణాల రిజిస్టరు అడుగుతున్నాం. ఎర్రగడ్డ ఖైదీల వార్డులో చేరినవాళ్లు, బాగై తిరిగి పోయినవాళ్లు, చనిపోయినవాళ్లు, పేర్లొద్దు, సంఖ్య, కేటగిరీ చాలు అన్నాం. విశాఖపట్నం మిత్రులు చినవాల్తేరుకు ఇదే రాస్తున్నారు. కడప, రాజమండ్రి సెంట్రల్ జైళ్ల దగ్గరుండే పాఠకులు, ముఖ్యంగా లాయర్లు, ఈ దరఖాస్తు నమూనా కావాలంటే మాకు రాయండి. జవాబు రాకపోయినా, "లేరు" అని వచ్చినా, వచ్చినది వచ్చినట్టు అచ్చేస్తాం.